క్షేత్ర పరికరాల నిద్రావస్థలో వోల్టేజి రెగ్యులేటర్ల ప్రవర్తన: ములుగు పరిస్థితులలో గమనించవలసిన అంశాలు

పొలంలో అమర్చిన నేల తేమ పరికరం అరగంటకొకసారి మేల్కొని, మూడు సెకన్లలో కొలత తీసి, రేడియో ద్వారా పంపి, తిరిగి నిద్రలోకి జారుకుంటుంది. ఈ లెక్కన ప్రతి వెయ్యి సెకన్లలో 998 సెకన్లకు పైగా అది నిద్రిస్తూనే ఉంటుంది. పరికరాన్ని కొనేటప్పుడు మాత్రం మనం అడిగే ప్రశ్నలన్నీ మిగిలిన రెండు సెకన్లకు సంబంధించినవే: సెన్సారు ఖచ్చితత్వమెంత, రేడియో ఎంత దూరం అందుతుంది, ప్రాసెసర్ ఏది? బ్యాటరీ ఎన్నాళ్లు నిలుస్తుందన్నది నిద్రలో గడిచే 998 సెకన్లలో తేలుతుంది. కొలతను ఎంతవరకు నమ్మవచ్చునన్నది నిద్ర నుండి మెలకువకు మారే కొన్ని మైక్రో సెకన్లలో తేలుతుంది. ఈ రెండింటినీ శాసించే భాగం వోల్టేజి రెగ్యులేటరు. బ్యాటరీ నుండి వచ్చే మారుతున్న వోల్టేజిని స్థిరపరచి మిగిలిన భాగాలకు అందించడమే దాని పని.

సస్య విజ్ఞాన పత్రికలో ఈ విషయం ఎందుకని విద్యార్థులకు సందేహం రావచ్చు. తడి ఎప్పుడు ఇవ్వాలన్న సలహా నేడు అనేక చోట్ల ఇటువంటి పరికరాల అంకెలపై ఆధారపడుతున్నది. అంకె తప్పయితే సలహా తప్పుతుంది, సలహా తప్పితే నష్టపోయేది రైతు. ఆ అంకె ఎక్కడ, ఎలా తప్పగలదో తెలియకుండా దానిని విశ్లేషణకు వాడడం, అమరిక సరిచూడని త్రాసుతో దిగుబడి తూచడం వంటిదే.

ఉదాహరణలను ములుగు జిల్లా నుండి తీసుకుంటున్నాను. (ఉద్యాన విశ్వవిద్యాలయం ఉన్న ములుగు సిద్దిపేట జిల్లాలోనిది. ఇక్కడ ప్రస్తావిస్తున్నది వరంగల్‌కు ఈశాన్యంగా ఉన్న, 2019లో జిల్లా కేంద్రమైన ములుగు.) రామప్ప, లక్నవరం చెరువుల కింద వరి, గోదావరి వెంబడి మిరప, మధ్యలో తాడ్వాయి, ఏటూరునాగారం అడవులు, వేసవిలో తీవ్రమైన ఎండ, వానాకాలంలో రోజుల తరబడి ముసురు, అడవి గ్రామాలలో అంతంతమాత్రపు సెల్‌ఫోన్ సిగ్నల్. చిన్న విద్యుత్ పరికరానికి ఇంతకంటే కఠినమైన పరీక్షా స్థలం దొరకదు.

రెగ్యులేటరు ఏమి చేస్తుంది

చెరువు తూముతో పోల్చి చూద్దాం. చెరువులో నీటి మట్టం ఎంతున్నా కాలువలో ఒకే స్థాయి ప్రవాహం ఉండేలా తలుపును ఎత్తుతూ దించుతూ ఉండే మనిషి రెగ్యులేటరు అనుకుందాం. అతడు కాలువ మట్టాన్ని కొలకర్రతో చూస్తుంటాడు. తగ్గితే తలుపు ఎత్తుతాడు, పెరిగితే దించుతాడు. ఎలక్ట్రానిక్ భాషలో ఆ కొలకర్ర రిఫరెన్స్ వోల్టేజి, ఆ మనిషి ఎర్రర్ యాంప్లిఫయర్, తలుపు ఒక ట్రాన్సిస్టర్.

ఈ పోలిక నుండి మూడు విషయాలు గ్రహించవచ్చు. కాలువకు నీరు అవసరం లేని రోజున కూడా కావలి మనిషికి కూలి ఇవ్వవలసిందే. రెగ్యులేటరు తన సొంత నిర్వహణకు నిరంతరం తీసుకునే ఈ విద్యుత్తును నిశ్చల ప్రవాహం అందాం. తయారీదారుల పత్రాలలో ఇది క్వీసెంట్ కరెంట్ పేరుతో ఉంటుంది. ఇక చెరువు మట్టం తూము గడప దాకా దిగిపోయాక తలుపు పూర్తిగా ఎత్తినా కాలువ నిండదు; అక్కడి నుండి కాలువ మట్టం చెరువు మట్టాన్నే అనుసరిస్తుంది. దీనిని డ్రాపౌట్ స్థితి అంటారు. మూడవది, కావలి మనిషి కునుకు తీస్తున్న సమయంలో కాలువ కింద ఒక్కసారిగా పది మడులకు నీరు మళ్లిస్తే, అతడు లేచి తలుపు ఎత్తేలోపు కాలువ మట్టం పడిపోతుంది. అల్పశక్తి స్థితిలో రెగ్యులేటరు సరిగ్గా ఇలాగే ప్రవర్తిస్తుంది.

సస్య శరీరధర్మశాస్త్రం చదివినవారికి నిశ్చల ప్రవాహాన్ని మరొక విధంగానూ చెప్పవచ్చు. మొక్క శ్వాసక్రియలో పెరుగుదలకు ఖర్చయ్యే భాగం ఒకటి, ఉన్న కణజాలాన్ని నిలుపుకోవడానికి ఖర్చయ్యే నిర్వహణ భాగం మరొకటి. పెరుగుదల ఆగినా నిర్వహణ ఖర్చు ఆగదు. నిశ్చల ప్రవాహం పరికరానికి నిర్వహణ శ్వాసక్రియ వంటిది. ఈ పోలిక ఉష్ణోగ్రత విషయంలో కూడా వర్తిస్తుంది. దానిని తరువాత చూద్దాం.

బ్యాటరీ లెక్క

2600 మిల్లీ ఆంపియర్ గంటల సామర్థ్యం గల ఒక లిథియం అయాన్ సెల్‌ను తీసుకుందాం. పరికరం అరగంటకు మూడు సెకన్లు మేల్కొని, ఆ సమయంలో సగటున 40 మిల్లీ ఆంపియర్లు వాడుతుందనుకుంటే, 1800 సెకన్ల మీద ఆ ఖర్చు సగటు 67 మైక్రో ఆంపియర్లు మాత్రమే. నిద్రలో ప్రాసెసర్ మరో 5 మైక్రో ఆంపియర్లు తీసుకుంటుందనుకుందాం.

మార్కెట్లో అతి సులభంగా, అతి చవకగా దొరికే రెగ్యులేటరు 1117 రకానికి చెందినది. దాని నిశ్చల ప్రవాహం సుమారు 5 మిల్లీ ఆంపియర్లు, అంటే 5000 మైక్రో ఆంపియర్లు. దీనిని అమర్చిన పరికరం మొత్తం ఖర్చు 5072 మైక్రో ఆంపియర్లకు చేరుతుంది. సెల్ 21 రోజులలో ఖాళీ అవుతుంది. ఆ ఖర్చులో నూటికి 98 పాళ్లకు పైగా రెగ్యులేటరు ఊరక కూర్చున్నందుకు చెల్లించిన కూలియే. పరికరం తయారీదారు తన కరపత్రంలో ప్రాసెసర్ నిద్రా ప్రవాహం 5 మైక్రో ఆంపియర్లని వ్రాస్తే అది అబద్ధం కాదు, కానీ దానివల్ల మనకు ప్రయోజనమూ లేదు.

అదే చోట 50 మైక్రో ఆంపియర్ల నిశ్చల ప్రవాహం గల రెగ్యులేటరును పెడితే మొత్తం 122 మైక్రో ఆంపియర్లు. లెక్క ప్రకారం 888 రోజులు. 2 మైక్రో ఆంపియర్ల రకం పెడితే మొత్తం 74; లెక్క ప్రకారం నాలుగేళ్లు. నిజ జీవితంలో సెల్ తనంతట తాను కోల్పోయే ఛార్జి, వేడి వల్ల తగ్గే సామర్థ్యం కలిసి ఈ అంకెలను బాగా కుదిస్తాయి. కానీ పోలికను గమనించండి. 5000 నుండి 50కి దిగినప్పుడు ఆయుష్షు 40 రెట్లు పెరిగింది. 50 నుండి 2కు దిగినప్పుడు ఒకటిన్నర రెట్లు దాటి కొంచెం పెరిగింది, అంతే. అక్కడి నుండి ఖర్చును నిర్ణయించేది మెలకువ సమయం. మార్కెట్లో ఇప్పుడు 25 నానో ఆంపియర్ల నిశ్చల ప్రవాహంతో పనిచేసే రెగ్యులేటర్లు కూడా ఉన్నాయి. అరగంటకొకసారి కొలత పంపే పరికరానికి అంత తక్కువ అంకె వెంట పడవలసిన అవసరం లేదని నా అభిప్రాయం. రోజుకు ఒక్కసారి మాత్రమే మేల్కొనే పరికరమైతే సంగతి వేరు.

రెగ్యులేటరును మార్చి సంతృప్తి పడే ముందు బోర్డును ఒకసారి పరికించి చూడాలి. విద్యుత్తు ఉందని తెలిపే చిన్న ఎర్ర దీపం ఒకటి రెండు మిల్లీ ఆంపియర్లను నిరంతరం తాగుతుంది. బ్యాటరీ వోల్టేజిని కొలవడానికి పెట్టిన రెండు లక్ష ఓముల రెసిస్టర్ల జత, సెల్ నిండుగా ఉన్నప్పుడు 21 మైక్రో ఆంపియర్లు తీసుకుంటుంది; మంచి రెగ్యులేటరు నిశ్చల ప్రవాహానికి ఇది పది రెట్లు. దీపాన్ని తీసివేయడానికి సోల్డరింగ్ ఐరన్ చాలు. రెసిస్టర్ల జతను కొలత సమయంలో మాత్రమే కలిపే స్విచ్చింగ్ ఏర్పాటును తయారీ దశలోనే అడగాలి.

బ్యాటరీ నీరసిస్తే నేల తడిగా కనిపించుట

విస్తరణ శాస్త్రవేత్తలు అన్నింటికంటే ఎక్కువగా పట్టించుకోవలసిన భాగం ఇది. బ్యాటరీ త్వరగా అయిపోతే పరికరం ఆగిపోతుంది, ఆగిపోయిన పరికరం ఎవరినీ మోసగించదు. డ్రాపౌట్‌లో ఉన్న పరికరం ఆగకుండా తప్పుడు అంకెలు పంపుతూనే ఉంటుంది.

1117 రకం రెగ్యులేటరుకు పూర్తి భారం వద్ద సుమారు 1.1 వోల్టుల వ్యత్యాసం కావాలి. 3.3 వోల్టులు ఇవ్వాలంటే లోపలికి 4.4 వోల్టులు రావాలి. లిథియం అయాన్ సెల్ పూర్తిగా నిండినప్పుడు ఇచ్చేదే 4.2 వోల్టులు. అంటే ఈ జోడీలో రెగ్యులేటరు పూర్తి భారం వద్ద తొలి రోజు నుండే నియంత్రించడం లేదు. సెల్ వోల్టేజి దిగుతున్నకొద్దీ బయటి వోల్టేజి కూడా దాని వెంటే దిగుతుంది. తక్కువ డ్రాపౌట్ గల రకాలకు 0.2 వోల్టుల వ్యత్యాసం సరిపోతుంది కనుక సెల్ 3.5 వోల్టులకు దిగేవరకు అవి 3.3 వోల్టులను నిలబెడతాయి.

ఇప్పుడు చవకగా దొరికే కెపాసిటివ్ నేల తేమ సెన్సారును తీసుకుందాం. నేల పొడిగా ఉంటే దాని వోల్టేజి ఎక్కువ, తడిగా ఉంటే తక్కువ. క్రమాంకనంలో పూర్తి పొడికి 2.40 వోల్టులు, పూర్తి తడికి 1.20 వోల్టులు వచ్చాయనుకుందాం. నేల సరిగ్గా మధ్యస్థంగా ఉన్నప్పుడు 1.80 వోల్టులు రావాలి. పరికరం 50 శాతం అని చూపుతుంది. సరఫరా వోల్టేజి 3.3 నుండి 3.0కు జారి, సెన్సారు జవాబు కూడా అదే నిష్పత్తిలో తగ్గితే, 1.80కి బదులు 1.64 వోల్టులు వస్తాయి. ప్రాసెసర్ తన సొంత స్థిర రిఫరెన్స్‌తో దానిని కొలిచి దాదాపు 64 శాతం అని చూపుతుంది. నేలలో చుక్క నీరు పెరగలేదు, తెరపై తేమ పద్నాలుగు పాళ్లు పెరిగింది.

ఈ దోషం దిశను గుర్తుంచుకోవాలి. బ్యాటరీ నీరసిస్తుంటే నేల క్రమంగా ఆరుతున్నా గ్రాఫు తడిగానే ఉంటుంది, లేదా నిదానంగా ఆరుతున్నట్లు కనిపిస్తుంది. తడి ఇవ్వవలసిన రోజు దాటిపోతుంది. మిరపలో పూత, కాయ కట్టే దశలో రెండు మూడు రోజుల ఆలస్యం పూత రాలడానికి దారితీయవచ్చు. వరిలో తడి–పొడి పద్ధతిని పాటించేటప్పుడు పొలంలో పాతిన గొట్టంలో నీటి మట్టం నేల ఉపరితలం నుండి 15 సెంటీమీటర్ల కిందికి దిగగానే మళ్లీ నీరు పెట్టాలని సిఫారసు. ఆ గొట్టంలోని మట్టాన్ని కొలిచే సెన్సారు కూడా సరఫరా వోల్టేజిపై ఆధారపడినదైతే ఇదే జాగ్రత్త అవసరం. గొట్టంలోకి స్కేలు దించి చూసే రైతుకు ఈ ఇబ్బంది లేదు. వారానికొకసారైనా స్కేలుతో సరిచూడనిదే సెన్సారు అంకెను సలహాకు వాడరాదు.

పరిష్కారం కష్టమేమీ కాదు. సెన్సారుకు ఇచ్చే వోల్టేజినే కొలత రిఫరెన్స్‌గా కూడా వాడితే రెండూ ఒకే నిష్పత్తిలో తగ్గుతాయి, దోషం చాలావరకు రద్దవుతుంది. లేదా సెన్సారుకు 3.0 వోల్టుల ప్రత్యేక రెగ్యులేటరు పెట్టి, దాని కనీస వ్యత్యాసం చెదరకముందే కొలతలను ఆపివేసేలా ప్రోగ్రాము వ్రాయాలి. కొన్ని చవక సెన్సారు బోర్డులపై ఇటువంటి చిన్న రెగ్యులేటరు ఉంటుంది, చూడడానికి ఒకేలా ఉండే మరికొన్నింటిపై ఉండదు. కాబట్టి ఒకే పేరుతో కొన్న సెన్సార్లను కూడా విడివిడిగా, వేర్వేరు సరఫరా వోల్టేజిల వద్ద పరీక్షించాలి. స్నాతకోత్తర విద్యార్థులు ప్రయోగం మొదలుపెట్టే ముందు ఈ పనికి ఒక రోజు కేటాయించడం మంచిది.

నిద్ర నుండి మెలకువకు

ఆధునిక పవర్ మేనేజ్‌మెంట్ చిప్‌లలో ఒకే రెగ్యులేటరుకు రెండు స్థితులుంటాయి, లేదా రెండు రెగ్యులేటర్లు పక్కపక్కనే ఉంటాయి. పొదుపైన ప్రాసెసర్లలో కూడా ఇదే ఏర్పాటు ఉన్నది. ఉదాహరణకు ఎస్.టి.ఎం. 32 ఎల్ 4 శ్రేణిలో ప్రధాన రెగ్యులేటరు, అల్పశక్తి రెగ్యులేటరు వేర్వేరు. రెండవదానిపై నడిచేటప్పుడు ప్రాసెసర్ వేగం 2 మెగాహెర్ట్జ్‌లకు మించరాదు. కారణం సులభం. కూలి తగ్గించినప్పుడు కావలి మనిషి చురుకుదనం కూడా తగ్గుతుంది. ఎర్రర్ యాంప్లిఫయర్‌కు అందే విద్యుత్తును తగ్గిస్తే అది వోల్టేజిలోని మార్పును ఆలస్యంగా పసిగడుతుంది, తలుపును నిదానంగా ఎత్తుతుంది. అందుకే అల్పశక్తి స్థితిలో రెగ్యులేటరు అందించగల గరిష్ఠ ప్రవాహానికి ప్రత్యేక పరిమితి ఉంటుంది.

చాలాసేపు నీడలో ఉన్న ఆకుపై ఒక్కసారిగా ఎండ పడితే కిరణజన్య సంయోగక్రియ వెంటనే పూర్తి స్థాయికి చేరదు. పత్రరంధ్రాలు తెరుచుకుని, ఎంజైములు చురుకుగా మారడానికి నిమిషాలు పడుతుంది. రెగ్యులేటరుకు పట్టేది మైక్రో సెకన్లే. కానీ ఆ మైక్రో సెకన్లలోనే రేడియో తన పూర్తి భారాన్ని మోపుతుంది.

ఎంత పడుతుందో లెక్కించవచ్చు. సాధారణ లోరా రేడియో చిప్ తన గరిష్ఠ శక్తితో పంపేటప్పుడు సుమారు 120 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది. రెగ్యులేటరు స్పందించడానికి 50 మైక్రో సెకన్లు పట్టిందనుకుంటే ఆ వ్యవధిలో భారమంతా బయటివైపున్న కెపాసిటరే మోయాలి. అది 10 మైక్రోఫారడ్‌లదైతే వోల్టేజి 0.6 వోల్టులు పడుతుంది, 3.3 కాస్తా 2.7 అవుతుంది. చాలా ప్రాసెసర్లలో అక్కడికి అటూఇటూగా ఉన్న హద్దు తగిలి పరికరం రీసెట్ అవుతుంది. 100 మైక్రోఫారడ్‌ల కెపాసిటరు ఉంటే పడేది 0.06 వోల్టులే. సిరామిక్ కెపాసిటర్లు వోల్టేజి కింద తమ సామర్థ్యంలో కొంత కోల్పోతాయి కనుక పైన వ్రాసిన అంకెను పూర్తిగా నమ్మరాదు. కొంత ఎక్కువే పెట్టుకోవాలి.

కొత్త రకం రెగ్యులేటర్లు కొన్ని భారం పెరిగిన వెంటనే తమ సొంత ఖర్చును కూడా పెంచుకుని చురుకుగా మారతాయి. ఇవి మేలైనవే. అయినా తయారీదారు పత్రంలోని భార మార్పు గ్రాఫును చూసేటప్పుడు ఒక కిటుకు తెలిసి ఉండాలి. ఆ గ్రాఫు ఏ ప్రవాహం నుండి మొదలైందో చూడండి. 1 మిల్లీ ఆంపియరు నుండి 50కి ఎగసినట్లు చూపిన గ్రాఫులో వోల్టేజి కొద్దిగానే పడుతుంది, ఎందుకంటే 1 మిల్లీ ఆంపియరు వద్ద రెగ్యులేటరు అప్పటికే సగం మేల్కొని ఉంటుంది. మన పరికరం లేచేది 5 మైక్రో ఆంపియర్ల గాఢనిద్ర నుండి. ఆ గ్రాఫు లేకపోతే మనమే ఆసిలోస్కోపు పెట్టి చూసుకోవాలి.

స్విచ్చింగ్ రకం రెగ్యులేటర్లలో చిక్కు మరోలా ఉంటుంది. భారం ఎక్కువగా ఉన్నప్పుడు ఇవి స్థిరమైన లయలో పనిచేస్తాయి. భారం తగ్గగానే పొదుపు కోసం అప్పుడప్పుడూ ఒక్కో విడత శక్తిని పంపి మధ్యలో ఊరుకుంటాయి. దానివల్ల బయటి వోల్టేజిలో అలలు పెద్దవవుతాయి, వాటి లయ భారాన్ని బట్టి మారుతుంది. ప్రాసెసర్‌కు ఈ అలల వల్ల నష్టం లేదు. సెన్సారు వోల్టేజిని మిల్లీ వోల్టులలో కొలిచేటప్పుడు మాత్రం ఒక్కొక్క కొలత ఒక్కొక్క విధంగా వస్తుంది. కొలత తీసే ఒకటి రెండు సెకన్ల పాటు చిప్‌ను స్థిర లయలోకి మార్చడం, పదహారు కొలతల సగటు తీయడం, రేడియో వాడకముందే కొలత పూర్తి చేయడం ఆచరణలో సరిపోతాయి. రేడియో ప్రసారం ముగిసిన వెంటనే తీసిన కొలతను నమ్మకూడదు. సెల్ అప్పటికింకా కోలుకుంటూ ఉంటుంది.

సెల్‌ఫోన్ నెట్‌వర్క్ ద్వారా పంపే పరికరాలలో ఇది మరింత తీవ్రం. 2జి మోడెం ప్రసార సమయంలో క్షణకాలం 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. సిగ్నల్ బలహీనంగా ఉన్న చోట మోడెం తన గరిష్ఠ శక్తిని వాడుతుంది, నెట్‌వర్క్‌ను వెతుక్కుంటూ నిమిషాల తరబడి మేల్కొని ఉంటుంది. ములుగు పట్టణంలో ఏడాది నిలిచిన పరికరాన్ని యథాతథంగా మేడారం అడవి అంచున పెట్టి అంతే ఆయుష్షు ఆశించడం తగదు. అటువంటి చోట్ల గ్రామంలో సిగ్నల్ అందే చోట ఒక గేట్‌వే పెట్టి, పొలాల నుండి అక్కడికి 865–867 మెగాహెర్ట్జ్ పరిధిలోని లోరా ద్వారా సమాచారాన్ని చేర్చడమే మేలు.

ముసురు, వేడి

2023 జులై 27 ఉదయంతో ముగిసిన 24 గంటలలో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వర్షం నమోదైంది. తెలంగాణలో ఒక రోజులో నమోదైన వర్షపాతంలో అదే అత్యధికం. అంతకు ముందు రికార్డు కూడా ఇదే జిల్లాలోని వాజేడుది, 2013 జులైలో 517.5 మిల్లీమీటర్లు. ఆ 2023 వానకే జంపన్న వాగు పొంగి కొండాయి గ్రామంలో ప్రాణనష్టం జరిగింది. పరికరం పనిచేయవలసిన రాత్రి అంటే అటువంటిది. అప్పటికి సౌరఫలకం ఎన్ని రోజులుగా ఎండ ముఖం చూసి ఉండదో ఊహించవచ్చు.

ముసురు రోజులలో ఫలకం ఉత్పత్తి మామూలులో ఐదో వంతుకు, కొన్ని రోజులలో పదో వంతుకు పడిపోతుంది. పైన చెప్పిన లెక్క ప్రకారం, వారం రోజులు ఛార్జింగ్ అసలే లేకపోయినా 122 మైక్రో ఆంపియర్ల పరికరం కోల్పోయేది 20 మిల్లీ ఆంపియర్ గంటలు మాత్రమే. 1117 రకం రెగ్యులేటరు ఉన్న పరికరం అదే వారంలో 850 కోల్పోతుంది, అంటే సెల్‌లో మూడో వంతు.

వర్షమాపకానికి ఇంకొక సమస్య ఉన్నది. తిరగబడే గిన్నె గల వర్షమాపకంలో గిన్నె తిరిగిన ప్రతిసారీ ఒక సంకేతం వస్తుంది. గిన్నె 0.2 మిల్లీమీటర్లదైతే 649.8 మిల్లీమీటర్లకు అది 3249 సార్లు తిరగాలి. సగటున 27 సెకన్లకొకసారి. వాన ఉధృతంగా ఉన్న గంటలలో ఇంకా వేగంగా. ప్రతి సంకేతానికీ ప్రధాన రెగ్యులేటరును, ప్రాసెసర్‌ను పూర్తిగా మేల్కొలిపే విధంగా ప్రోగ్రాము వ్రాస్తే పరికరానికి ఆ రాత్రి నిద్రే ఉండదు. మామూలు రోజులలో కొలిచిన సగటు ఖర్చు ఆ రాత్రికి వర్తించదు. సంకేతాలను అల్పశక్తి స్థితిలోనే లెక్కించే కౌంటరు అనేక ప్రాసెసర్లలో ఉంటుంది; దానిని వాడుకుని, పావుగంటకొకసారి మాత్రమే మేల్కొని మొత్తాన్ని పంపడం సరైన పద్ధతి.

బ్యాటరీ దాదాపు ఖాళీ అయిన దశలో మరొక ప్రమాదం పొంచి ఉంటుంది. రెగ్యులేటరు ఆగిపోగానే భారం తొలగి సెల్ వోల్టేజి కొంచెం పైకి లేస్తుంది. రెగ్యులేటరు తిరిగి మొదలవుతుంది. భారం పడగానే మళ్లీ ఆగుతుంది. ఇలా లేస్తూ పడుతూ ఉన్న శక్తినంతా పరికరం వృథాగా పోగొట్టుకుంటుంది, లోపలి గడియారం కూడా దారి తప్పుతుంది. ఆగే వోల్టేజికి, తిరిగి మొదలయ్యే వోల్టేజికి తగినంత ఎడం ఉంచితే ఈ చక్రం తెగుతుంది. 3.0 వద్ద ఆగిన పరికరం 3.5 దాటేవరకు లేవకూడదు. ఈ అంకెలను కొనుగోలు నిబంధనలలో వ్రాయించుకోవచ్చు.

వేసవిలో సమస్య వేడి. పంట శ్వాసక్రియ ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకు సుమారు రెండింతలవుతుందని మనం పాఠాలలో చెబుతాము. సిలికాన్‌లోని లీకేజి ప్రవాహానికి కూడా ఇంజనీర్లు ఇంచుమించు అదే సూత్రాన్ని స్థూలంగా వాడతారు. తయారీదారు పత్రంలోని నిశ్చల ప్రవాహం సాధారణంగా 25 డిగ్రీల వద్దిది. మే నెలలో నేరుగా ఎండలో ఉన్న మూసిన పెట్టె లోపల 55 డిగ్రీలున్నాయనుకుంటే మూడు రెట్టింపులు, అంటే లీకేజి భాగం ఎనిమిదింతలు. మొత్తం నిశ్చల ప్రవాహం అంతగా పెరగకపోవచ్చు, కానీ నానో ఆంపియర్ల అంకెలు చూపే చిప్‌లలో లీకేజియే ప్రధాన భాగం కనుక ఆ ప్రకటిత అంకెకు మన వేసవిలో అర్థం ఉండదు. పెట్టెకు తెల్లరంగు వేయించి, సౌరఫలకం నీడలో దానిని బిగించడం దాదాపు ఖర్చు లేని పని.

పరీక్షించే విధానం

మామూలు మల్టీమీటరును మైక్రో ఆంపియర్ శ్రేణిలో శ్రేణీకృతంగా కలిపితే దాని అంతర్గత నిరోధం వల్ల పరికరం మేల్కొనే క్షణంలో వోల్టేజి పడిపోయి రీసెట్ అవుతుంది. జిల్లా స్థాయి కేంద్రంలో కూడా చేయగల సులువైన పద్ధతి వేరొకటి ఉన్నది. సెల్‌కు సమాంతరంగా 4700 మైక్రోఫారడ్‌ల కెపాసిటరును కలిపి, పరికరం నిద్రలోకి వెళ్లాక సెల్‌ను తీసివేసి, కెపాసిటరు వోల్టేజి ఎంత వేగంగా తగ్గుతుందో గడియారంతో చూడాలి. 0.2 వోల్టులు తగ్గడానికి 94 సెకన్లు పడితే నిద్రా ప్రవాహం 10 మైక్రో ఆంపియర్లు. పది సెకన్లలోపే తగ్గితే 100 మైక్రో ఆంపియర్లకు పైనే ఉన్నట్లు. కెపాసిటరుకు తన సొంత లీకేజి ఉంటుంది, వోల్టేజిని చూసే మీటరు కూడా కొంత తీసుకుంటుంది. కనుక ముందుగా పరికరం లేకుండా ఒకసారి కొలిచి ఆ భాగాన్ని తీసివేయాలి.

నీటి మీటర్లలో వాడే లిథియం థయోనిల్ క్లోరైడ్ సెల్‌లను ఎంచుకున్నవారు మరొకటి గమనించాలి. నెలల తరబడి అతి స్వల్ప ప్రవాహమే తీసుకుంటే సెల్ లోపలి లిథియంపై పలుచని పొర ఏర్పడుతుంది. అందువల్ల నిల్వ కాలం పెరుగుతుంది గాని, తొలి భారం పడగానే వోల్టేజి కుంగుతుంది. గోదాములో ఏడాది ఉన్న పరికరం పొలంలో మొదటి రోజు మొండికేయడానికి ఇది ఒక కారణం. సెల్‌కు సమాంతరంగా తగిన కెపాసిటరు ఉంటే భారాన్ని అది మోస్తుంది.

ఇక సమాచార పట్టిక విషయం. ప్రతి కొలతతో పాటు ఆ క్షణపు సరఫరా వోల్టేజి, పెట్టె లోపలి ఉష్ణోగ్రత, అప్పటివరకు జరిగిన రీసెట్‌ల సంఖ్య కూడా నమోదు కావాలి. ఈ మూడు నిలువు వరుసలు లేని సమాచారంలో నిజమైన తడికీ, నీరసించిన బ్యాటరీ చూపిన తడికీ తేడా కనిపెట్టే మార్గం తరువాత ఉండదు. మంగళ, శుక్రవారాలలో వెలువడే వ్యవసాయ వాతావరణ సలహాలకు ఈ పరికరాల అంకెలను జోడించదలచిన కేంద్రాలు, రెగ్యులేటరు డ్రాపౌట్ హద్దుకు 0.1 వోల్టు పైన ఒక గీత గీసుకుని, దానికి దిగువన వచ్చిన కొలతలన్నింటినీ గుర్తు పెట్టి పక్కన ఉంచాలి. వాటిని తొలగించరాదు, సెల్ మార్చిన తరువాత అదే చోట మట్టి నమూనా తీసి, ఓవెన్‌లో 105 డిగ్రీల వద్ద ఆరబెట్టి తూచితే, దోషం ఎంత మేరకు వచ్చిందో ఆ గుర్తు పెట్టిన కొలతల నుండే లెక్కించుకోవచ్చు.